తంగేడు గింజకు తాఖీదు

శ్రీ తంగేడు గింజ గారికి,
శాశ్వత చిరునామా: తాడిపత్రి రోడ్డు పక్కన ఎర్రగట్టు, అనంతపురం.
హాలు మకాం: మా పెరటి గోడ వార.

మీరు మా కాలనీలో అనుమతి లేకుండా మొలకెత్తిన విషయం మా దృష్టికి వచ్చింది. ఇది మర్యాదస్తులు నివసించే ప్రాంతం. ఇక్కడ మొక్క అన్నదానికి కొన్ని లక్షణాలు ఉండాలి. వాటిలో ఒక్కటీ మీకు లేనందువల్ల ఈ తాఖీదు పంపవలసి వచ్చింది.

అన్నిటికంటే పెద్ద అభ్యంతరం, మీకు ధర లేకపోవడం. ధర లేని వస్తువును ఇంట్లోకి ఎలా రానిస్తాం? మేం తెచ్చుకునే మొక్క లారీ ఎక్కి వస్తుంది. గోదావరి ఒండ్రుమట్టి ముద్దతో, నల్ల కవరులో, కడియం నుంచి ఇంత దూరం ప్రయాణం చేసి, నాలుగు ఆకులు వాడ్చుకుని మరీ దిగుతుంది. పెంచిన రైతుల తప్పేమీ లేదు, వాళ్ల నీళ్లకూ వాళ్ల నేలకూ తగినట్టు చక్కగానే పెంచారు. మా ఎర్ర గరప నేలలోకి దిగాక దానికి నీడ వల కావాలి, కొబ్బరి పొట్టు కావాలి, మందు కావాలి. రెండో వేసవికి అది పోతుంది. మేం మరొకటి కొంటాం. బజారు నడిచేది ఇలాంటి క్రమశిక్షణ వల్లనే. అందరూ మీలాగా ఊరికే దొరికితే ఎవరు బతకాలి?

మిమ్మల్ని లోపలికి తెచ్చింది మా ఇంటావిడ అని విచారణలో తేలింది. ఇంటికి వచ్చిన శుభలేఖలన్నిటి కవర్లూ దాచి, వాటిలో గింజలు పోసి, పైన పెళ్లికొడుకు పేరు కొట్టేసి ‘తంగేడు, తాడిపత్రి రోడ్డు, ఎర్రనేల’ అని నెలతో సహా రాసి పెడుతోంది. కోసే తీరు కూడా విచిత్రమే. ఒకే పొద దగ్గర కోస్తే మొలిచినవన్నీ తోబుట్టువులే అవుతాయట, ఒకదానికి వచ్చిన జబ్బు అన్నిటికీ వస్తుందట. అందుకని పది పదిహేను పొదల దగ్గర ఆగి, ఒక్కోదాని నుంచి నాలుగేసి ఎండు కాయలు మాత్రం తెంపి, తక్కినవి పొదకే వదిలేస్తుంది. రిజర్వు అడవిలో మాత్రం చెయ్యి పెట్టదు. నాలుగు కాయల కోసం నేను రోడ్డు పక్కన స్కూటరు ఆపి నిలబడాలి. పోయే బస్సుల వాళ్లందరూ నా వైపే చూస్తారు.

ఈ అవస్థ ఎందుకు, తంగేడు గింజలు ఆన్‌లైన్‌లో రంగుల ప్యాకెట్టులో దొరుకుతున్నాయి కదా అన్నాను. “ఏ ఊరి తంగేడండీ అది?” అని అడిగింది. ప్యాకెట్టు మీద ఊరి పేరు లేదు. “ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల వాన చూసిన తల్లికి పుట్టిన గింజ మన 550కి ఓర్చుకోవద్దూ?” అంది. జాతి ఒకటే అయినా, తరతరాలుగా ఈ ఎండకు మాడి మిగిలిన పొదల గింజకు ఈ ఎండ తెలిసి ఉంటుందని ఆమె వాదన. దానికి నా దగ్గర జవాబు లేదు కాబట్టి మిమ్మల్నే నిలదీస్తున్నాను.

ఇక మీ అవిధేయత సంగతి. విత్తనం అన్నాక చల్లిన వారంలో, ఒకే రోజున, ఒకే ఎత్తున, బడి ప్రార్థనకు నిలబడ్డ పిల్లల్లా లేవాలి. మీరు చేసిందేమిటి? తొలివానకు మీలో కొందరే మొలిచారు. ఇంకొందరు మూడో వాన దాకా కదల్లేదు. మిగిలినవారు వచ్చే ఏడు చూద్దాంలే అని మట్టిలోనే పడుకున్నారు. పైపొట్టు గట్టిదట, నీళ్లు చొరబడవట! జూన్‌లో ఒక మంచి వాన కురిపించి, ఆ తర్వాత నెల రోజులు మొహం చాటేసే ఆకాశం మాది. ఆ ఒక్క వానను నమ్మి వేరుశనగ విత్తి, మొలక మాడిపోయి, మళ్లీ విత్తనాలకు అప్పు చేసిన రైతులు ఈ జిల్లాలో ఊరూరా ఉన్నారు. మీకు మాత్రం ఒక విడత ఎండిపోయినా నేలలో ఇంకో విడత దాచిపెట్టే తెలివి ఉంది. ఇంత ముందుచూపు ఒక గింజకు ఉండటం సాటి పౌరులను అవమానించడం కాదా?

తొందరగా మొలవాలంటే మిమ్మల్ని గరుకు కాగితం మీద రుద్దాలట. లేదంటే పొయ్యి మీంచి దించిన వేడినీళ్లలో వేసి రాత్రంతా నానబెట్టాలట. మా ఇంట్లో నాకే వేడినీళ్లు అడిగితేగాని రావు. మీ పక్కింటి వేపగింజది దీనికి తలకిందుల వరస. రాలిన కొన్ని వారాల్లోనే నాటకపోతే చచ్చి ఊరుకుంటుంది. ఒకరు రమ్మంటే రారు, మరొకరు ఆగమంటే ఆగరు. ఇలాంటి వాళ్లతో తోట పెట్టేదెలా?

నీటి విషయంలో మీ ప్రవర్తన మరీ అభ్యంతరకరం. మా ముంగిట లాన్ ఉంది. తుంగభద్ర ఎగువ కాలువ ఎన్నో మైళ్లు నడిచి ఈ జిల్లాకు తెచ్చే నీళ్లను అది పూటకోసారి తాగుతుంది. కాలువ ఎండితే ట్యాంకరు వస్తుంది. ట్యాంకరు చుట్టూ బిందెలు పట్టుకుని జనం నిలబడితే, పైపు ముందుగా మా గడ్డి మీదికి తిప్పించుకోగలగడమే మా హోదా. అలాంటి వీధిలో మీరు, తొలి వేసవి గట్టెక్కడానికి కాసిని నీళ్లు తాగి, ఆ పైన ఒక్క చెంబు కూడా అడక్కుండా పొదంతా పసుపు పూలు పూసి నిలబడ్డారు. చూసేవాళ్లు మా లాన్ గురించి ఏమనుకోవాలి? మేకలకైనా మీరు లోకువ కారు, ముట్టుకోకుండా పోతున్నాయి. కంచె అమ్ముకునేవాడికీ మీ వల్ల నష్టమే.

మీ దగ్గరికి వచ్చేపోయే వాళ్ల గురించి కూడా ఫిర్యాదులు ఉన్నాయి. మీ పువ్వులో తేనె లేదు. ఉన్న పుప్పొడిని కేసరాల కొసన సన్నటి రంధ్రాల వెనక దాచారు. నల్ల తుమ్మెద వచ్చి, పువ్వును వాటేసుకుని, ఒళ్లంతా అదిరేలా ఝుమ్మంటేగాని అది రాలదు. పొద్దున్నే ఈ రొద ఏమిటని పొరుగువారు అడుగుతున్నారు. మీ ఆకుల మీద సీతాకోకచిలుక గుడ్లు పెట్టింది. పచ్చటి గొంగళిపురుగులు పుట్టి ఆకులు కొరుకుతున్నాయి. వాటి కోసం పిట్టలు దిగుతున్నాయి. మా మనీప్లాంటును చూసి నేర్చుకోండి. కొన్ననాటి నుంచి దాని మీద ఒక్క ప్రాణీ వాలలేదు. శుభ్రత అంటే అది!

గింజ అంటే ఓడెక్కి రావాలి. పక్కనే కడప జిల్లా కమలాపురంలో 1877లో జమైకా గింజలతో ఒక తోట వేశారు. బీళ్లు పచ్చబడతాయి, వంటచెరకు దొరుకుతుంది అన్నారు. అదే సర్కారు తుమ్మ. ఇప్పుడు వాగులూ, చెరువు కట్టలూ, బీడు పొలాలూ దానివే. ఎవరి తాఖీదూ లేకుండా అంత దూరం పాకింది, అదీ పెద్దరికం. మీ వర్గం వాళ్లు చేసిందల్లా ఎవరికీ పనికిరాని అనామకులకు చోటివ్వడం. అంతరించిపోయిందని లోకమంతా వదిలేసిన కలివికోడి అనే పక్షి 1986లో కడప జిల్లా లంకమల్ల దగ్గర మళ్లీ దొరికితే, అది ఉన్నది మీ బంధువులైన ముళ్లపొదల మధ్యనే. ఒక్క పూలకుండీ కూడా లేని చోటు!

వినాయకచవితి నాటికి మాత్రం మీ వాళ్లతో మాకు పని పడుతుంది. ఏడాది పొడుగునా కూలి ఇచ్చి పీకించిన ఉత్తరేణి, జిల్లేడు, ఉమ్మెత్త, రేగు, వావిలి, ఆ ఒక్క పొద్దు ప్లాస్టిక్ సంచిలో కొనుక్కుని స్వామికి సమర్పిస్తాం. మర్నాడు అవి తిరిగి పెరట్లోకి రాకూడదు. మీ వాళ్లందరికీ ఈ నిబంధన తెలియజేయగలరు.

కాబట్టి ఈ తాఖీదు అందిన పదిహేను రోజుల్లోగా, మిమ్మల్ని గోడ వార నుంచి ఎందుకు తొలగించకూడదో రాతపూర్వకంగా కారణం చూపాలి. పైపొట్టు గట్టిదన్న సాకుతో గడువు పెంచమని కోరవద్దు. మట్టిలో ఇంకా పడుకున్న మీ వాళ్లకు విడివిడిగా తాఖీదులు పంపడం సాధ్యం కాదు గనుక, ఇదే వాళ్లకూ వర్తిస్తుంది.

ఇట్లు,
లాన్ గల ఒక గృహస్థు

తా.క.: మీ పూలు ఎండబెట్టి, ఒంటికి మంచిదని చెప్పి, అందమైన డబ్బాల్లో తేనీటి పొడిగా అమ్ముతున్నారని తెలిసింది. నేనూ ఒకటి తెప్పించాను, బాగుంది. ఇకముందు కూడా పూలు ఆ దారినే రావాలి. ధర ఎంతైనా ఇస్తాం.