కొండమీది ఫ్రిజ్ గారికి ఉద్దానం నుంచి ఉత్తరం

మహారాజశ్రీ పర్మాఫ్రాస్ట్ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలెడదామనుకున్నాను. తమరికి ఒళ్లు వెచ్చబడిందని తెలిసి ఆగిపోయాను.

తమరిని మేం చూసింది లేదు. జనవరిలో పలాస స్టేషన్‌లో మంకీ క్యాప్ పెట్టుకుంటే మాకదే హిమాలయం. వరసగా రెండేళ్లు సున్నా డిగ్రీలు దాటకుండా ఉన్న నేలే తమరట. లద్దాఖ్ కొండల్లో ఉన్నారు, టిబెట్ పీఠభూమి నిండా ఉన్నారు. గడ్డి వేళ్లు, రాలిన ఆకులు పూర్తిగా కుళ్లనివ్వకుండా వేల ఏళ్లుగా దాచారు. ఒక్క టిబెట్ పీఠభూమిలోనే, పై మూడు మీటర్ల మట్టిలో సుమారు 1,500 కోట్ల టన్నుల కార్బన్! సైబీరియా, అలాస్కా వైపు మీ జ్ఞాతులు దాచింది గాలిలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు. పైసా అద్దె అడగలేదు. విజయనగరంలో చింతపండు బస్తా కోల్డ్ స్టోరేజీలో పెట్టాలన్నా ఊరికే పెట్టనిస్తారా?

తమరి బాధ మాకు కొంత తెలుసు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. స్తంభాలన్నీ పడుకున్నాయి. "తలుపు తీయకండి, చల్లదనం పోతుంది" అని అమ్మ ఫ్రిజ్‌కి కాపలా కూర్చుంది. మొదటిరోజు ఏమీ కాలేదు. రెండోరోజు ఫ్రిజ్ కింద నీళ్లు. నాలుగోరోజు తలుపు తీస్తే వంజరం ముక్కల సంగతి చెప్పక్కర్లేదు గానీ, నేను చూసింది ఇడ్లీపిండి గిన్నెని. పిండి పొంగి మూతని ఎత్తేసింది. పక్కనుంచి కారి, కింది అరలోని కొత్తిమీర మీద పడి, ఇంకా బుడగలు వేస్తోంది. చలికి ముడుచుకున్న క్రిములు లేచి భోజనానికి కూర్చున్నాయన్నమాట.

తమరి దగ్గరా అదే విందు. మంచు కరిగాక గాలి ఆడే చోట కార్బన్ డయాక్సైడ్, నీళ్లు నిలిచిన చోట మీథేన్. రెండూ భూమిని ఇంకా వేడెక్కించేవే. ఆ మీథేన్‌కి వాసనైనా లేదు, ఎవరూ ముక్కు మూసుకోరు. అందులోనూ కొండమీది వారు మరీ సుకుమారం. ఉత్తర సైబీరియా వారు చాలాచోట్ల మైనస్ పదికి దగ్గర్లో బిగుసుకుని ఉంటే, టిబెట్ శాఖవారు ఎక్కువచోట్ల సున్నాకి ఒకటి రెండు డిగ్రీల కిందే. కాస్త వేడికే నీరుగారిపోతే ఎలాగండీ? ఇంతకీ ఫ్యూజు పీకిందెవరని మాత్రం అడగకండి. దాని మీద మా వాళ్లు ఏటేటా ఒక్కో దేశంలో సమావేశమవుతున్నారు, విమానాల్లో వెళ్లి మరీ.

వెచ్చబడితే కొండల మీద గడ్డి ఏపుగా పెరిగి, పోయిన కార్బన్‌లో కొంత వెనక్కి లాక్కుంటుందని ఓ ఓదార్పు. నిజమే, కొంత లాగుతుంది. మాకూ అలాగే చెప్పారు లెండి. వేళ్లతో సహా పడిపోయిన కొబ్బరిచెట్లు చూపిస్తే, ఓ అధికారి "మొక్కలిస్తాం, నాటుకోండి" అన్నాడు. కొబ్బరి కాపుకి ఆరేడేళ్లు చాలు. తమరి సరుకు మళ్లీ పోగవడానికి ఎన్ని వేల ఏళ్లు పడుతుందో ఆయన్నే అడగాల్సింది.

ఇట్లు,
తమరి ఖాతాదారుడు

తా.క.: కరెంటు పన్నెండోరోజుకి వచ్చింది. వాసన పోవడానికి అమ్మ ఫ్రిజ్‌లో గిన్నెడు బొగ్గులు పెట్టింది. నెలయినా పోలేదు.