బొమ్మలో ఇంజన్ కూడా తిరగాలి

పాత గిర్నీల, అంటే బట్టల మిల్లుల, ఆవిరి ఇంజన్ బొమ్మలు ఈమధ్య మహారాష్ట్రలోని మన షోలాపూర్ తెలుగువాళ్ల గ్రూపుల్లో తెగ తిరుగుతున్నాయి. చిమ్నీ, పొగ, ఎర్రటి ఆకాశం, ముందు పళ్ల చక్రాలు నాలుగు. కొన్నిటిలోనైతే మిల్లు షెడ్డు లోపల ఏకంగా రైలింజనే నిలబడి ఉంటుంది. కింద లైకుల వాన, "మా తాతల కాలం" అని కామెంట్లు. కొన్ని కంప్యూటర్ తయారుచేసినవి, కొన్ని చేత్తో గీసినవి. ఎవరు గీసినా అందులో ఒక్క ఇంజనూ తిరగదు. ఆవిరి తోస్తే ముందుకూ వెనక్కూ ఆడే పిస్టన్ రాడ్డు సిలిండర్ లోంచి బయటికొచ్చి గాల్లో ఆగిపోతుంది. చక్రానికి ఇరుసు ఉండదు. చక్రం మీంచి మగ్గాల దాకా బలం ఏ దారిన పోతుందో ఎక్కడా కనబడదు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. మిల్లు ఇంజన్ బొమ్మ గీస్తే, ఆవిరి ఎక్కడ లోపలికొస్తుంది, ఆ బలం ఎటు నుంచి ఎటు పోయి సాంచాను (మరమగ్గాన్ని) కదిలిస్తుంది అన్నది వేలు పెట్టి చూపించగలగాలి. అది చూపలేని బొమ్మ ఏ ఊరి గోడకైనా అతుకుతుంది. మన గిర్నీ బొమ్మ అని దాన్ని నేను ఒప్పుకోను.

అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీ పారిశ్రామికవాడలో సాంచాల విడిభాగాలకు డ్రాయింగులు గీసి బతుకుతున్నాను. ఆదివారాలు పూర్వభాగ్‌లో మన పద్మశాలి పిల్లలకు బొమ్మలు నేర్పుతాను. ఆ మధ్య ఒక పోటీలో మా దగ్గర నేర్చుకునే అమ్మాయి రెండు సిలిండర్ల ఇంజన్‌ను ఎంతో శ్రద్ధగా పెన్సిల్‌తో గీసింది. "ఇది వర్క్‌షాపు కాగితంలా ఉంది, ఇందులో కళ ఏదమ్మా" అని తిప్పి పంపారు. ప్రైజు సూర్యాస్తమయంలో చిమ్నీకి పోయింది. ఈ పోస్టు రాయడానికి ఆ మాటే కారణం. కళ ఎక్కడుందో నేను చెబుతాను.

ఫ్లైవీల్ తోనే, అంటే ఇంజన్ తిప్పే ఆ పెద్ద చక్రంతోనే మొదలుపెడదాం. ఇంజన్‌లో అన్నిటికంటే పెద్దది అదే, కాగితం మీద ఎక్కువగా చెడేదీ అదే. ఏటవాలుగా చూస్తే గుండ్రటి చక్రం దీర్ఘవృత్తంగా కనబడుతుంది. ఆ దీర్ఘవృత్తపు చిన్న అక్షం ఇరుసు సాగిన దిక్కులోనే పడాలి. అటూ ఇటూ అయిందా, చక్రం ఇరుసు మీద వాలిపోయినట్టు, ఇప్పుడో ఇంకాసేపటికో ఊడి పడేటట్టు అనిపిస్తుంది. తాళ్లతో బలాన్ని మగ్గాల వైపు పంపే ఇంజన్ చక్రానికి పళ్లుండవు, అంచు చుట్టూ వరసగా గాడులుంటాయి. ఒక్కో గాడిలో ఒక్కో నూలు తాడు. గాడి పైన వెడల్పు, కిందికి పోయేకొద్దీ ఇరుకు. తాడు ఆ రెండు గోడల మధ్య బిగుసుకుంటుంది తప్ప అడుగుకు ఆనదు. ఆ బిగువే బలాన్ని మోసుకుపోతుంది. అడుగుకు ఆనించి గీస్తే తాడు జారిపోయే ఇంజన్‌ను గీసినట్టే. లాగే వైపు తాళ్లు గీత గీసినట్టు బిగుతుగా ఉండాలి, రెండో వైపు కాస్త వంగి వేలాడాలి. పత్తి మిల్లును తిప్పినవి పత్తి తాళ్లే. ఎన్నిసార్లు గీసినా నాకు ఈ సంగతి దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.

ఇక సిలిండర్లు. రెండున్న ఇంజన్‌లో ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. బాయిలరు నుంచి వచ్చిన ఆవిరి ముందు చిన్నదాంట్లో పని చేసి, వ్యాకోచించి, మిగిలిన బలంతో పెద్దదాంట్లోకి పోతుంది. అక్కడా పనైపోయాక కండెన్సర్‌లో నీరవుతుంది. రెంటినీ జంటగా కనబడాలని ఒకే సైజులో గీసేవాళ్లు ఆవిరి సంగతే మరిచిపోయినట్టు. సిలిండర్లు చక్రానికి చెరో పక్కన ఉంటే రెండు క్రాంకులూ (పిస్టన్ తోపుతో ఇరుసును తిప్పే చేతులు) 90 డిగ్రీల తేడాతో ఉంటాయి. ఒకటి తోయలేని చోటికి వచ్చినప్పుడు రెండోది మంచి ఊపు మీద ఉంటుంది. కాబట్టి ఒక క్రాంకు నిలువుగా ఉన్నట్టు గీస్తే రెండోది అడ్డంగానే ఉండాలి. ఇంజన్ వేగాన్ని అదుపులో పెట్టే గవర్నర్ గోళాలు కూడా అంతే. ఇంజన్ ఆగి ఉంటే కిందికి దిగి ఉంటాయి, వేగం పెరిగేకొద్దీ దూరం జరిగి పైకి లేస్తాయి, లేచి ఆవిరిని తగ్గిస్తాయి. వేగం అటూ ఇటూ అయితే నూలు తెగుతుంది. ఆ గోళాల ఎత్తును బట్టి అది పని రోజా, సెలవు రోజా చెప్పేయొచ్చు. ఆ అమ్మాయి బొమ్మలో గోళాలు పైకి లేచి ఉన్నాయి, తాళ్లు ఒక వైపు వంగి ఉన్నాయి. అందులో కళ లేదట!

మొరార్జీ గోకుల్‌దాస్ ఈ ఊళ్లో పెట్టిన జునీ (పాత) మిల్లు 1877 నాటిది. తర్వాత లక్ష్మీ, నర్సింగ్ గిర్జీ, విష్ణు మిల్లులు వచ్చాయి. మనవాళ్లు తెలంగాణ పల్లెల్లో మగ్గం వదిలి మూట నెత్తిన పెట్టుకుని ఈ ఊరొచ్చింది ఈ గిర్నీల్ని చూసే. మిల్లు భోంగా (సైరన్) మోగితే ఊరు లేచేది. ఇంతమంది బతుకుల్ని తిప్పిన యంత్రానికి కొలతలతో గీసిన బొమ్మ ఒక్కటీ ఈ ఊళ్లో నా కంటబడలేదు. జునీ మిల్లు మీద 1950లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు లా కాలేజీల్లో ఈనాటికీ చదువుతారు. కోర్టు కాగితం మిగిలింది, ఇంజన్ కాగితం మిగల్లేదు.

అప్పట్లో మన దేశపు మిల్లుల ఇంజన్లు ఎక్కువగా ఇంగ్లండ్‌లోని లాంకషైర్ నుంచి ఓడల్లో వచ్చేవి. బోల్టన్‌లోని హిక్ హార్‌గ్రీవ్స్, మస్‌గ్రేవ్ లాంటి కంపెనీలవి. అక్కడా మిల్లులు మూతపడ్డాయి, ఇంజన్లు తుక్కుకు పోయాయి. కానీ 1966లో కొందరు నార్తర్న్ మిల్ ఇంజన్ సొసైటీ పెట్టుకుని దొరికినన్ని కాపాడుకున్నారు. రాచ్‌డేల్ దగ్గర ఎలెన్‌రోడ్ ఇంజన్ ఫ్లైవీల్ 80 టన్నులు, దాని మీద 44 తాళ్లు. బర్న్‌లీ దగ్గర క్వీన్ స్ట్రీట్ మిల్లులో 1895 నాటి 500 హార్స్‌పవర్ ఇంజన్ ఉంది, దాని పేరు ‘పీస్’. నేత షెడ్డు కోసం కట్టిన ఇంజన్ అది, మనలాంటి నేతగాళ్లది. ఇంజన్‌కు పేరు పెట్టి పిలుచుకున్నారంటే దాన్ని ఎలా చూసుకున్నారో ఊహించుకోండి.

వర్క్‌షాపు కాగితం అని తీసిపారేసే ముందు ఆ కాలపు డ్రాయింగులు ఒక్కసారి చూడండి. పోత ఇనుముకు బూడిద రంగు, కొట్టిన ఇనుముకు నీలం, ఉక్కుకు ఊదా, ఇత్తడికి పసుపు, రాగికి ఎరుపు. పల్చటి నీటిరంగును పొర మీద పొర వేసి, గుండ్రటి భాగాలకు నీడ దించేవారు. రంగు చూసి ఏ లోహమో ఫౌండ్రీవాడు చెప్పేవాడు. మా క్లాసు పిల్లలకు ఇప్పుడు ఇదే నేర్పుతున్నాను. ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ డ్రాయింగ్ పరీక్షలకు పోయే పిల్లలు వీళ్లు. కుండలు, కూరగాయలు గీసిన చేతికి పిస్టన్ రాడ్డు చివరి క్రాస్‌హెడ్ గీయడం కష్టమేం కాదు.

మన సంఘం క్యాలెండర్లలో, పెళ్లి పత్రికల్లో మన మూలపురుషుడు మార్కండేయుడు ఉంటాడు, మగ్గం ఉంటుంది. ఉండాలి కూడా. అయితే గిర్నీలో పన్నెండేళ్ల వయసు నుంచే పని చేసినవాళ్లు, ఇంజన్ గదిలో నూనె పోసినవాళ్లు, తాళ్లు అతికినవాళ్లు కూడా మనవాళ్లే కదా. వాళ్ల పనిముట్టుకు ఆ గౌరవం ఎందుకు దక్కలేదో నాకు అంతుపట్టదు. చేనేత మనదని, మర మాత్రం సేఠుదని అనుకుంటామేమో. తిప్పిన చెయ్యి ఎవరిది?

అన్నలూ, అక్కలూ, మీ ఇళ్లల్లో గిర్నీ నాటి నూనె డబ్బా, ఇత్తడి బిళ్ల, పాత పనిముట్టు ఏదున్నా పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి నాకు పంపండి. ఇంజన్ గదిలో దిగిన గ్రూపు ఫోటో ఉంటే మరీ మంచిది. చక్రం పక్కన మనిషి నిలబడి ఉంటే ఆ ఎత్తును బట్టి చక్రం వ్యాసం కట్టొచ్చు. గాడులు లెక్కపెడితే ఇంజన్ బలం దగ్గరదగ్గరగా తెలుస్తుంది. క్రాంకు ఒక్కటి కనబడినా చాలు, దాని పొడవుకు రెట్టింపే పిస్టన్ నడక. ఫోటో వెనక పేర్లు రాసి ఉంటే అవి కూడా పంపండి, బొమ్మ కింద రాయిస్తాను. ఆ అమ్మాయి ఇప్పటికే పెద్ద కాగితం బల్లకు అంటించి, మధ్య గీత గీసి పెట్టుకుంది.