తుప్పును పరిశ్రమగా గుర్తించవలసిందని విన్నపం

ఒడిశాలోని గంజాం జిల్లాలో పరిశ్రమలు లేవని వాపోయే పెద్దలు బరంపురం పాత బస్టాండు వెనక సందుల్లోకి ఒక్కసారైనా తొంగిచూసి ఉండరు. పట్టుచీరలకూ అప్పడాలకూ పేరుపడ్డ ఈ ఊళ్ళో మా అక్క కొడుకు రేకుల షెడ్డు వేసి, పాత స్పోర్ట్స్ కార్లను పునరుద్ధరించే సంస్థను నెలకొల్పాడు. చిన్నప్పుడు గోడ క్యాలెండరులో చూసిన జాగ్వార్ ఈ-టైప్ అనే స్పోర్ట్స్ కారు మీద పుట్టిన ప్రేమను ముప్ఫయ్యో పడిలో జీవనోపాధిగా మార్చుకుని, ఒడియాలోనూ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ బోర్డు రాయించాడు. అంతకుముందు చేస్తున్న ఉద్యోగం మానేశాడన్న సంగతి మా బావగారికి ఆ బోర్డు చదివాకే తెలిసింది.

క్యాలెండరులోని జాగ్వార్ 1961లో జెనీవా ప్రదర్శనలో లోకానికి దర్శనమిచ్చింది గాని మా ఊరి ఆస్కా రోడ్డుకు మాత్రం రాలేదు. అదే ఏడాది మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ ఇంగ్లండు ట్రయంఫ్ వారి హెరాల్డ్ కార్ల తయారీ మొదలుపెట్టి 1971 దాకా సాగించింది. వాటిలో ఒకటి ఒక పల్లెటూరి పశువుల కొట్టంలో, వెనక సీటు మీద కోడిపెట్ట పొదుగుతున్న స్థితిలో మావాడి కంటబడింది. హెరాల్డ్ అనేది కుటుంబాలు ఎక్కే కారే తప్ప స్పోర్ట్స్ కారు కాదని కొందరు అజ్ఞానులు ఆక్షేపించారు. మావాడి సమాధానం శాస్త్రీయమైనది. ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీ 1962లో విడుదల చేసిన స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల కారు ఈ హెరాల్డ్ ఛాసిస్‌నే, అంటే అడుగు చట్రాన్నే, కురచ చేసి కట్టినది. రెండింటికీ రూపమిచ్చినవాడు ఇటలీకి చెందిన మికెలోట్టి ఒక్కడే. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం హెరాల్డ్‌లో 91.5 అంగుళాలయితే స్పిట్‌ఫైర్‌లో 83 అంగుళాలు. “ఎనిమిదిన్నర అంగుళాలే గదా మావయ్యా, కోసీడమే!” అన్నాడు. ఇంత స్పష్టమైన వ్యాపార ప్రణాళికను బ్యాంకువారు తిరస్కరించారంటే మన దేశంలో సాంకేతిక పరిజ్ఞానానికి ఉన్న విలువ ఏపాటిదో తెలుస్తూనే ఉంది.

కోత పూర్తయ్యాక మరికొన్ని సాంకేతిక విషయాలు వెలుగులోకి వచ్చాయి. హెరాల్డ్‌లో బరువంతా ఛాసిస్ మోస్తుందనీ, స్పిట్‌ఫైర్‌లో తలుపుల కింద ఉండే సిల్ పెట్టెలు కూడా ఆ బరువును పంచుకుంటాయనీ, అవి లేకపోతే బండి నడుము జారుతుందనీ టింకరింగ్ మేస్త్రీ కనిపెట్టాడు. ఆ పెట్టెలు రేకు వంచి చేయడం ఒక పని, చేసిన తరువాత తలుపు మూసుకునేలా చూడడం మరొక పని. రెండింటికీ వేరువేరు బిల్లులు. ఇక నట్లు. ఈ కారు నట్లన్నీ అంగుళాల కొలతలోవి. షెడ్డులో ఉన్న స్పానర్లన్నీ మిల్లీమీటర్లవి. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు, దానికి దగ్గరగా ఉన్న స్పానరు 13. ఆ మూడు పాయింట్ల తేడాలో స్పానరు జారి, తుప్పు పట్టిన నట్టు మూలలు అరిగి గుండ్రమవుతాయి. అప్పుడు ఉలి, ఉలి తరువాత గ్యాస్ కట్టరు, కట్టరు తరువాత లేత్ షాపులో కొత్త బోల్టు. సరైన స్పానర్ల సెట్టు కొంటే ఈ మూడు వృత్తుల వారి నోటి దగ్గర కూడు లాగేసినట్టే కాబట్టి మావాడు కొనలేదు.

ఈ సంస్థకు జీతం అడగని భాగస్వామి ఒకరున్నారు. పదిహేను కిలోమీటర్ల అవతలి గోపాలపురం సముద్రం తన ఉప్పుగాలిని రాత్రింబవళ్ళు ఉచితంగా పంపిస్తోంది. పుట్టీ పెట్టి ప్రైమర్ కొట్టిన తలుపు మీద వానాకాలం వెళ్ళేలోగా అంచుల వెంబడి బుడగలు లేస్తాయి. మేస్త్రీ బొటనవేలి గోటితో నొక్కితే రంగు చిట్లి, లోపలినుంచి ఇటుకపొడి లాంటి తుప్పు అతని అరచేతిలోకి రాలుతుంది. దానిని ఆయన కొంచెంసేపు భక్తిగా చూస్తాడు. మళ్ళీ గీకుడు, మళ్ళీ పుట్టీ, మళ్ళీ బిల్లు. పూర్తయిన కారు ఇంటికి వెళ్ళిపోయి ఒక్క రూపాయి సంపాదించదు, పూర్తికాని కారు మాత్రం షెడ్డులోనే ఉండి ప్రతి నెలా సంపాదిస్తుంది. ఇది బయటపెట్టవలసిన రహస్యం కాదు గాని, పన్నులు వేసే అధికారుల సౌకర్యార్థం చెబుతున్నాను.

ఖాతాదారులు కూడా సహృదయులే. ఒడియా పెద్దమనిషి ఒకాయన వారం వారం వచ్చి “కెబె హెబొ?” (ఎప్పుడవుతుంది?) అని అడుగుతాడు. మావాడు “హెఉచి, ఆజ్ఞా” (అవుతోందండీ) అని వినయంగా కుర్చీ వేస్తాడు. రెండేళ్ళకొకసారి వచ్చే ఠాకురాణి యాత్ర, అంటే మా ఊరి అమ్మవారి జాతర, నాటికి బండి అప్పగిస్తానని రశీదు మీద రాసి ఇచ్చాడు. ఏ యాత్ర నాటికో రాయలేదు.

ఇంత సాఫీగా సాగుతున్న వ్యవహారంలో కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో వింటేజ్ వాహనాల నియమాలు ప్రకటించింది. యాభై ఏళ్ళు దాటిన బండికి ఇరవై వేల రూపాయలు కడితే రాష్ట్రం పేరు పక్కన ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేకమైన నంబరు, పదేళ్ళ రిజిస్ట్రేషను ఇస్తారు. అయితే బండి అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్‌నూ బాడీనీ ఇంజనునూ పెద్ద ఎత్తున మార్చి ఉండకూడదు. అంటే పశువుల కొట్టంలో కోడిపెట్టను మోస్తున్ననాడు ఆ హెరాల్డ్ చట్టం దృష్టిలో వారసత్వ సంపద. మావాడు ప్రేమతో ముట్టుకున్న మరుక్షణం నుంచి కాదు. కోసిన ఎనిమిదిన్నర అంగుళాలు షెడ్డు మూలన భద్రంగానే ఉన్నాయి గనుక, తిరిగి అతికించడాన్ని కూడా పునరుద్ధరణ కిందే లెక్కగట్టి బిల్లు వేయవచ్చని మేస్త్రీ అభిప్రాయం. నాకూ అది సబబుగానే తోచింది.

అదే నియమాల్లో మరో వెసులుబాటు ఉంది. ఇలాంటి బండిని రోజువారీ పనులకు రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనలకూ ర్యాలీలకూ తీసుకువెళ్ళవచ్చు, పెట్రోలు పోయించుకోవడానికి వెళ్ళవచ్చు, మరమ్మతులకు వెళ్ళవచ్చు. పిల్లలను బడిలో దింపడం నేరం, మావాడి షెడ్డుకు రావడం హక్కు. చట్టం ఇంత చల్లగా కనికరించాక జిల్లా యంత్రాంగం వెంటనే ఈ సందును పారిశ్రామిక వాడగా ప్రకటించి, కరెంటు బిల్లులో రాయితీ ఇప్పించాలని కోరుతున్నాను. ఆ ఉత్తర్వు వచ్చేదాకా అడ్వాన్సులు నగదు రూపంలో మాత్రమే తీసుకుంటారు.