సవరణ: క్రాస్ స్కర్ట్‌ని ఒక రాత్రి వేలాడదీస్తే చాలదు

క్రాస్‌లో (అంటే బట్టని 45 డిగ్రీల ఏటవాలుగా) కత్తిరించిన స్కర్ట్ గురించి మొన్న రాసినదాంట్లో "ఒక రాత్రి వేలాడదీసి కింద అంచు మడవండి" అన్నాను. అది పల్చటి కాటన్‌కి మాత్రమే. జార్జెట్, క్రేప్, శాటిన్‌లకు కనీసం రెండు రోజులైనా ఇవ్వండి.

కారణం నేతలోనే ఉంది. పడుగు, పేక దారాలు నిలువుగా, అడ్డంగా ఉన్నప్పుడు బట్ట పెద్దగా సాగదు. 45 డిగ్రీల్లో కత్తిరిస్తే ఆ దారాలు ఒకదానిమీద ఒకటి కత్తెరలా కదులుతాయి, బట్ట తన బరువుకి తనే కిందికి జారుతుంది. అదీ అన్నిచోట్లా ఒకేలా కాదు. అందుకే ఒకవైపు కింద అంచు దిగిపోయి కనిపిస్తుంది. నడుము పట్టీ కుట్టేశాకే వేలాడదీయండి. తర్వాత స్కర్ట్ తొడుక్కుని, నేల నుంచి స్కేలుతో కొలిచి చుట్టూ గుర్తు పెట్టించుకోండి. ఈ పని ఒంటరిగా కుదరదు, ఇంట్లో ఎవరినైనా పిలవండి.

ఇంకో మాట. క్రాస్ అంటే ఎలాగోలా ఏటవాలుగా అని కాదు. అడ్డంగా తిన్నగా కత్తిరించిన అంచుని పక్క అంచు మీదికి మడవండి, ఆ మడతే అసలైన క్రాస్. 44 అంగుళాల పన్నాలో (బట్ట వెడల్పులో) ఆ గీత సుమారు 62 అంగుళాలు వస్తుంది.

పూర్ణా మార్కెట్‌లో బట్ట కొనేటప్పుడు కాస్త ఎక్కువే తీసుకోండి. కాటనైతే ముందే తడిపి ఆరేయండి. మన విశాఖ ఉప్పుగాలికి, వానాకాలంలో మరీనూ, బట్ట త్వరగా ఆరదు. పూర్తిగా ఆరాకే కత్తెర పట్టండి.