ఇస్త్రీ పెట్టె హాట్ ప్లేట్: ‘నాబ్ ఫుల్‌లో పెట్టండి’ అన్నదానికి సవరణ

పాత ఇస్త్రీ పెట్టెను బోర్లించి బిగించి, నాబ్ ఫుల్‌లో పెడితే ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డులు సోల్డర్ చేసుకోవచ్చని మొన్న రాశాను కదా, అది 63/37 లెడ్ పేస్ట్ (63 శాతం తగరం, 37 శాతం సీసం కలిసిన సోల్డర్ పేస్ట్) వాడేవాళ్లకే. అది 183 డిగ్రీలకే కరుగుతుంది. హన్మకొండ నుంచి ఒక తమ్ముడు లెడ్ లేని పేస్ట్ పెట్టి “ఎంతసేపైనా కరుగుతలేదన్నా” అని ఫోన్ చేశాడు. ఎట్ల కరుగుతుంది? మామూలుగా దొరికే లెడ్ లేని పేస్ట్‌కు 217 దాటాలి, జాయింట్ సరిగ్గా పట్టాలంటే ఇంకో 20, 30 డిగ్రీలు ఎక్కాలి, బట్టల కోసం పెట్టిన థర్మోస్టాట్ చాలా పెట్టెల్లో అంతదాకా పోనివ్వదు. అట్లని థర్మోస్టాట్ పీకేసి నేరుగా కరెంట్ మాత్రం ఇవ్వకండి, బోర్డు మాడిపోవడం అందులో చిన్న నష్టం.

నాబ్ గీతలను నమ్మకుండా కె టైప్ థర్మోకపుల్‌తో (వేడి కొలిచే సెన్సర్ వైరు), ప్లేట్ మీద కాదు, బోర్డు మీదే వేడి చూడండి. కరిగినప్పుడు బూడిద రంగు పేస్ట్ ఉన్నట్టుండి తళుక్కుమంటుంది, వంకరగా పెట్టిన రెసిస్టర్ దానంతట అదే సర్దుకుంటుంది. కొన్ని సెకన్లాగి బోర్డును అదరకుండా పక్కకు జరపండి.

ఇక ఎర్త్. త్రీ పిన్ ప్లగ్ ఉంటే చాలదు, మన పాత ఇళ్లలో ఆ మూడో రంధ్రానికి చాలాచోట్ల వైరే ఉండదు, ఎలక్ట్రీషియన్‌తో చూపించుకున్నాకే ప్లేట్ ముట్టుకోండి.