ఐదు వేలమందిని అడిగితే సమాజం తెలుస్తుందా?

కోట్ల జనాభా ఉన్న రాష్ట్రంలో ఐదు వేలమందిని అడిగి సమాజం ఇలా ఉందని చెప్పడం మోసమనీ, తమ వీధికి ఏ సర్వేవారూ రాలేదనీ, లక్షమంది ఓటు వేసిన ఆన్‌లైన్ పోల్ ఇంతకంటే నమ్మదగినదనీ, అందరినీ లెక్కించడమొక్కటే నిజమనీ ఒక వాదన వాట్సాప్‌లో విస్తృతంగా తిరుగుతోంది. చదువుకున్నవారు కూడా దీన్ని నమ్ముతున్నందువల్లే సమాధానం రాస్తున్నాను.

జనాభా పెరిగితే నమూనా (అంటే అడగడానికి ఎంచుకున్నవారి సంఖ్య) కూడా అదే దామాషాలో పెరగాలనుకోవడం పొరపాటు. యాదృచ్ఛికంగా, అంటే లాటరీ తీసినట్టు, ఎంచుకున్న వెయ్యిమంది జవాబుల నుంచి వచ్చే శాతం, నూటికి తొంభై ఐదు సందర్భాల్లో, వాస్తవానికి 3 శాతం పాయింట్లు అటూ ఇటూగా ఉంటుంది. జనాభా పది లక్షలైనా పది కోట్లైనా ఈ తేడా దాదాపు మారదు. గ్రామాలను ముందు ఎంచి ఆ తర్వాత ఇళ్లను ఎంచే పద్ధతిలో కొంత పెరుగుతుంది, అంతే.

ఇక లక్ష ఓట్ల సంగతి. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక సుమారు కోటిమందికి పోస్టుకార్డులు పంపి, తిరిగివచ్చిన ఇరవై లక్షలకు పైగా జవాబులను బట్టి రూజ్‌వెల్ట్ ప్రత్యర్థి లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. రూజ్‌వెల్ట్ దాదాపు 61 శాతం ఓట్లతో గెలిచారు. చిరునామాలను ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీలు, కారు రిజిస్ట్రేషన్ల నుంచి తీసుకున్నారు. ఆర్థిక మాంద్యం నాటి పేదలకు ఆ రెండూ లేవు. పైగా కార్డు తిరిగి పంపినవారు పంపనివారి వంటివారు కారు. తమంతట తాము వచ్చి ఓటేసేవారితో నడిచే ఆన్‌లైన్ పోల్‌లో ఉన్నది సరిగ్గా ఈ లోపమే.

"మా వీధికి రాలేదు" అన్నది నిజమే కావచ్చు. కోటి కుటుంబాల్లో పదివేలను ఎంచితే, యాభై ఇళ్లున్న వీధుల్లో ఇరవైకి పంతొమ్మిది వీధులకు ఎవరూ రారు. అడగవలసిన ప్రశ్న వేరు: ఎంచుకున్న ఇంటికే వెళ్లారా? నేను సర్వేలో తిరిగిన రోజుల్లో ఒక ఊళ్లో 220 ఇళ్ల జాబితా రాసుకుని, ఏడో ఇంటితో మొదలుపెట్టి ప్రతి పదో ఇంటికీ వెళ్లాం. వరినాట్ల కాలం. పదిహేడో ఇంటికి తాళం. పక్కింటి అరుగు మీది పెద్దాయన "ఎవరైతే ఏంటమ్మా, నన్ను రాసుకో" అన్నారు. రాసుకుని ఉంటే కూలికి పోయేవారంతా లెక్కలోంచి జారిపోయి, పగలు ఇంటిపట్టున ఉండేవారే మిగిలేవారు. రాత్రి ఏడింటికి మళ్లీ వెళితే, కాళ్లకంటిన బురద కడుక్కుంటూ ఆ ఇల్లాలు జవాబులు చెప్పింది. సర్వే నాణ్యత ఇలాంటి రెండో రాకలోనే ఉంటుంది.

అందరినీ లెక్కించినా తప్పులు తప్పవు. 2011 జనగణనలో వెయ్యికి నికరంగా 23 మంది లెక్కకు రాలేదని తేలింది. తేల్చింది ఆ తర్వాత జరిపిన నమూనా సర్వే.

అయితే ఆ వాదనలో ఒక్క చోట బలముంది. రాష్ట్రం మొత్తానికి తీసిన ఐదు వేలమందిలో నల్లమల చెంచులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే తగులుతారు; వారి ఆరోగ్యం గురించి, చదువు గురించి ఆ సర్వే ఏమీ చెప్పజాలదు. వారికోసం వేరుగా పెద్ద నమూనా తీయాలి, లేదా పెంట పెంటకూ (పెంట అంటే చెంచుల గూడెం) వెళ్లి అందరినీ అడగాలి.