సారెలో వచ్చిన ఇంజను

మా తమ్ముడికి అత్తారు సారెతో పాటు ఇంజను పంపారు. చలిమిడి, లడ్లు, అరటిగెలలు, వాటి వెనకాల ఆటోలో 25 హార్స్‌పవర్. కళింగపట్నం ఒడ్డున వాడి ఫైబర్ తెప్పకి అంతవరకూ ఉన్నది 9.9 ఇంజను, తెప్ప కట్టినాయన దానికి తగ్గట్టే కట్టాడు. ఇప్పుడు చిన్నదే ఉంచితే మావగారికి అవమానం, పెద్దది బిగిస్తే తెప్పకి ప్రమాదం. మావగారికి నోరుంది, తెప్పకి లేదు.

"ఒరే, ఇంజను బిగించే వెనక చెక్క తట్టుకుంటాదా?" అన్నాను.

"చెక్కయితే మారుస్తాను గానీ, మావ ఇచ్చిన ఇంజన్ మారుస్తానేటన్నయ్యా?"

సరే, రేపేదైనా అయితే బాధ్యులెవరు? తెప్ప కట్టినాయనా, ఇంజను అమ్మిన షాపా, సారె పెట్టిన మావగారా?

అమెరికాలో ఇలా వెనక ఇంజను తగిలించే 20 అడుగుల లోపు బోటుకి ఈ గొడవ రాకుండా రేకు కొడతారు, ఎంతమంది, ఎంత బరువు, ఎంత హార్స్‌పవర్ అని. పొడవుని వెనక చెక్క వెడల్పుతో గుణించడంతో లెక్క మొదలు. 16 అడుగులకి 5 అడుగులైతే 80. చక్రం స్టీరింగు, కనీసం 20 అంగుళాల ఎత్తు చెక్క ఉంటే ఆ 80ని రెట్టింపు చేసి 90 తీసేస్తారు, 70 హార్స్‌పవర్ వస్తుంది. ఇంజను పిడి చేత్తో పట్టుకుని నడిపేదైతే అదే బోటుకి 40, బోటు కింది భాగం బల్లపరుపుగా ఉంటే 25. చూశారా, మన వెనకాల కూచుని పిడి పట్టుకునే పద్ధతికి ఆ లెక్క ఎంత భయపడిందో. భయం న్యాయమైనదే, బరువు ఇంజనుకి అమరం, అంటే పడవ వెనక భాగం, కిందకి దిగుతుంది, జోరు మీదున్నోడు ఒక్కసారి తగ్గిస్తే తను లేపిన అలే వెనకనుంచి వచ్చి పడవెక్కుతుంది.

తమాషా ఏంటంటే అక్కడి ఫెడరల్ రూలు బోటు కట్టినోడి మెడకే. కొన్నాక ఓనరు పెద్దది తగిలిస్తే పట్టుకోవాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టం. పట్టుకోని చోట కూడా ప్రమాదమయ్యాక ఎదుటి లాయరు ముందు చదివేది ఆ రేకునే.

మా తమ్ముడి తెప్ప మీద నంబరుంది, గంగమ్మ పేరుంది. హార్స్‌పవర్ రాయలేదు. కాబట్టి భారతీయ న్యాయ సంహిత తిరగేశాను. 282వ సెక్షన్ ప్రకారం ప్రాణానికి ముప్పొచ్చేలా పడవ నడిపితే 6 నెలల వరకూ జైలు, లేదా 10 వేల వరకూ జరిమానా, లేకపోతే రెండూ. అంటే నడిపినోడికే, సారె పెట్టినోడికి ఏమీ లేదు! 284 మీద కొంచెం ఆశ పడ్డాను, అది బాగోలేని పడవలో జనాన్ని ఎక్కించడం గురించి. తీరా చూస్తే కిరాయికి ఎక్కిస్తేనే అట. మా తమ్ముడి అత్తగారు మొదటి షికారుకి సిద్ధమే గానీ, టికెట్ కొనే మనిషి కాదు.

అంచేత నా డిమాండ్ ఒక్కటే, సారె జాబితాలో ఇంజను పక్కన తెప్ప కొలతలు రాసి వియ్యంకులిద్దరూ సంతకం పెట్టాలి. మా అమ్మ వినేసి, "పెళ్లిలో కోర్టు మాటలేట్రా" అంది.

ప్రస్తుతానికి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. తెప్ప ఇసకలో ఉంది. ఇంజను మాత్రం ఇంట్లో, ఫ్యాను కింద, పసుపు బొట్టుతో. మావగారు రోజూ సాయంత్రం ఫోన్ చేస్తారు.

"ఇంజనెలా ఉంది బాబూ?"

"చల్లగా ఉంది మావయ్యా."